‘పుట్’ను ఎక్కడ పెట్టాలి?

ఇంగ్లీషు మాటల మీద పాఠకులు అడిగే ప్రశ్నలకు జవాబులిచ్చే శీర్షిక ఇది. ఈసారి ఒకే క్రియ మీద వచ్చిన ఉత్తరాలన్నీ ఒకచోట చేర్చాం. ‘పుట్’ చూడటానికి మూడక్షరాల మాట, ఎల్‌కేజీ పిల్లలకూ తెలిసిన మాట. అయినా మన ‘పెట్టు’, ‘వెయ్యి’ రెండూ దాని నెత్తినెక్కి కూర్చోవడంతో బాగా చదువుకున్నవాళ్లు కూడా దీని దగ్గర జారిపడుతుంటారు. ఇంగ్లీషు వాక్యాలను తెలుగు లిపిలోనే ఇస్తున్నాం. పైకి చదివితే తేడా చెవికే తెలుస్తుంది.

ప్రశ్న: ‘ఐ హావ్ పుట్ లీవ్ టుమారో’ అని మెయిల్ పంపితే మా మేనేజరు ‘పుట్ ఇట్ వేర్?’ అని తిరుగు మెయిల్ కొట్టారు. లీవు పెట్టానని ఇంకెలా చెప్పాలండీ?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మాదాపూర్

జవాబు: మీ మేనేజరు వెటకారానికి అన్నా, అడగాల్సిందే అడిగారు. పుట్‌కు మూడు కావాలి: పెట్టే మనిషి, పెట్టే వస్తువు, పెట్టే చోటు. మొదటి రెండూ చెప్పి మూడోది వదిలేస్తే వాక్యం గాల్లో వేలాడుతుంది. ‘ఐ పుట్ ద కీస్’ అని ఆగిపోతే ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లు ఎక్కడో చెబుతారని ఇంకా చూస్తూనే ఉంటారు. ‘ఐ పుట్ ద కీస్ ఆన్ ద ఫ్రిజ్’ అంటే సరిపోయింది. ఊరికే ‘దేర్’ అన్నా చాలు.

మన ‘పెట్టు’కు ఆ పట్టింపు లేదు. కేసు పెట్టాను, టీ పెట్టాను, లీవు పెట్టాను అంటే ఎక్కడ అని ఎవరూ అడగరు. ఆ వాక్యాలను మాటకు మాట మార్చినప్పుడే ఈ చిక్కంతా వస్తుంది.

మీ మెయిల్లో ‘ఐ హావ్ అప్లైడ్ ఫర్ లీవ్ ఫర్ టుమారో’ అని రాయండి. మంజూరయ్యాక అయితే ‘ఐ విల్ బి ఆన్ లీవ్ టుమారో’. పుట్‌ను వదలబుద్ధి కాకపోతే ‘ఐ హావ్ పుట్ ఇన్ ఫర్ లీవ్’ అనండి, అది నిక్షేపమైన ఇంగ్లీషు. ఇక్కడ ‘ఇన్’ అన్న చిన్న మాటే చోటు చూపిస్తోంది, దరఖాస్తు లోపలికి వెళ్లిందని. బదిలీకి పెట్టుకున్నా ఇదే పద్ధతి: ‘పుట్ ఇన్ ఫర్ ఎ ట్రాన్స్‌ఫర్’. రాజీనామాకు ‘పుట్ ఇన్ మై పేపర్స్’ అనడం మన ఆఫీసుల్లో మామూలే. విదేశీ క్లయింటుకు చెప్పేటప్పుడు మాత్రం ‘ఐ హావ్ రిజైన్డ్’ అంటే ఏ అనుమానమూ ఉండదు.

పనిలో పనిగా ఇంకొకటి. సెలవు అనే అర్థంలో లీవ్ ముందు ‘ఎ’ రాదు. ‘ఐ నీడ్ ఎ లీవ్’ కాదు, ‘ఐ నీడ్ టూ డేస్ లీవ్’ లేదా ‘ఎ డే ఆఫ్’.

ప్రశ్న: ‘పెట్టు’ అన్న ప్రతిచోటా పుట్ వాడకూడదని తెలుసు. మరి ఎక్కడ ఏది వాడాలో ఎలా గుర్తుపెట్టుకోవాలి?
– గ్రూప్స్ అభ్యర్థి, చిక్కడపల్లి

జవాబు: పట్టిక బట్టీ పట్టకండి. ‘ఎక్కడ?’ అని అడిగి చూడండి. చేత్తో చూపించగల చోటు జవాబుగా వస్తే పుట్ పనికొస్తుంది. రాకపోతే ఆ పనికి ఇంగ్లీషులో సొంత క్రియ వేరే ఉందన్నమాట.

కేసు పెట్టడం ‘ఫైల్ ఎ కేస్’. పేరు పెట్టడం ఒక్క ‘నేమ్’తో అయిపోతుంది. నాయనమ్మ పేరు పెట్టుకున్నారంటే ‘దే నేమ్డ్ ద బేబీ ఆఫ్టర్ హర్ గ్రాండ్‌మదర్’. ముద్దు పెట్టడం ‘కిస్’. గుడ్డు పెట్టడం ‘లే’. అలారం పెట్టినా, పాస్‌వర్డ్ పెట్టినా ‘సెట్’. సంతకం దగ్గర మనవాళ్లు ఒకేసారి రెండు తప్పులు చేస్తారు: ‘పుట్ యువర్ సైన్’ అంటారు. సైన్ నామవాచకమైతే గుర్తు అని అర్థం, సంతకానికి మాట ‘సిగ్నేచర్’. ‘సైన్ హియర్’ అంటే చాలు. ‘పుట్ యువర్ సిగ్నేచర్ ఆన్ ఎవ్రీ పేజ్’ అన్నది కాస్త దస్తావేజు భాషే గానీ తప్పు లేదు, ప్రతి పేజీ మీద అని చోటు చెప్పేశాం కదా.

డబ్బు పెట్టడానికి పుట్ బాగా కుదురుతుంది, చోటును బట్టి పక్కమాట మారుతుంది. బ్యాంకులో అయితే ‘ఇన్’, వ్యాపారంలో అయితే ‘ఇన్‌టు’, మలక్‌పేట రేసుల్లో గుర్రం మీద అయితే ‘ఆన్’. పక్కకు తీసి దాచుకుంటే ‘పుట్ ఎసైడ్’. ఇల్లు అద్దెకు తీసుకుని అడ్వాన్సు కడితే ‘పుట్ డౌన్ ఎ డిపాజిట్’.

దుకాణం పెట్టడం ‘ఓపెన్ ఎ షాప్’. మరి జనవరిలో నాంపల్లి నుమాయిష్‌లో స్టాల్ పెడితే? అప్పుడు ‘పుట్ అప్ ఎ స్టాల్’ అనొచ్చు. అక్కడ నిజంగానే కర్రలు, రేకులు నిలబెడుతున్నారు. గణేశ్ మండపానికి, గుడారానికి, గోడమీది పోస్టరుకు, టు-లెట్ బోర్డుకు అన్నింటికీ ‘పుట్ అప్’ సరిపోతుంది. వాట్సాప్ స్టేటస్ కూడా గోడ మీద అంటించిన కాగితం లాంటిదే కాబట్టి ‘పుట్ అప్ ఎ స్టేటస్’ అంటే తప్పు లేదు.

వంటింట్లో కాస్త జాగ్రత్త. టీ పెట్టడం ‘మేక్ టీ’, దోసె వెయ్యడం ‘మేక్ ఎ దోస’, వచ్చినవాళ్లకు అన్నం పెట్టడం ‘సర్వ్’. పప్పులో ఉప్పు వెయ్యమంటే ‘యాడ్ సమ్ సాల్ట్’. పుట్ వాడితే గిన్నె కూడా చెప్పాలి: ‘పుట్ సమ్ సాల్ట్ ఇన్ ద దాల్’. ఇరానీ హోటల్లో ‘డోంట్ పుట్ షుగర్’ అంటే వెయిటరుకు అర్థమవుతుంది, అనుమానం లేదు. ఇంగ్లీషుగా వినపడాలంటే ‘నో షుగర్ ఇన్ మైన్, ప్లీజ్’.

ఇక ‘ఈ ఫారం కొంచెం నింపి పెట్టండి’ అన్నప్పటి పెట్టు వేరే జాతి. అది సాయాన్ని సూచించే తోక. ఇంగ్లీషులో దాని పని ‘ఫర్ మి’ చేస్తుంది: ‘కుడ్ యు ఫిల్ ఇన్ దిస్ ఫామ్ ఫర్ మి?’ ఇబ్బంది పెట్టడం దగ్గర మాత్రం రెండు భాషలూ అనుకోకుండా కలిశాయి. ‘ఐ డోంట్ వాంట్ టు పుట్ యు టు ఎనీ ట్రబుల్’ అన్నది అచ్చమైన ఇంగ్లీషు.

ప్రశ్న: స్కూల్లో మా బాబుకు ‘కీప్ యువర్ బ్యాగ్ దేర్’ అని చెబుతున్నారు. అమెరికాలో ఉండే మా ఆడపడుచు ‘కీప్ కాదు వదినా, పుట్ అనాలి’ అంటోంది. ఏది కరెక్టు?
– గృహిణి, మల్కాజిగిరి

జవాబు: మీ ఆడపడుచు మాటే నిలుస్తుంది. పుట్ అంటే పెట్టే క్షణం. కీప్ అంటే పెట్టాక అక్కడే ఉండనివ్వడం, లేదా దగ్గరే ఉంచుకోవడం. పిల్లాడు భుజం మీది బ్యాగు దించి మూలన పెట్టాలంటే ‘పుట్ యువర్ బ్యాగ్ దేర్’. పెట్టిన బ్యాగును మళ్లీ మళ్లీ తియ్యకుండా అక్కడే ఉండనివ్వాలంటే ‘కీప్ ఇట్ దేర్’. మన దేశంలో మొదటి అర్థానికీ కీప్ వాడటం ఎంత పాతుకుపోయిందంటే, మనలో మనకు అది తప్పనే తోచదు.

తేడా తెలియాలంటే చక్కెర డబ్బా చాలు. ‘చక్కెర ఎక్కడ పెడతారు?’ అంటే రోజూ ఉండే చోటు అడుగుతున్నాం: ‘వేర్ డు యు కీప్ ద షుగర్?’ ‘చక్కెర ఎక్కడ పెట్టారు?’ అంటే ఇందాక వాడి ఎక్కడ వదిలేశారని: ‘వేర్ డిడ్ యు పుట్ ద షుగర్?’ తెలుగులో కాలం మారిందంతే. ఇంగ్లీషులో క్రియే మారింది.

కీప్‌లో ‘నీకే ఉంచుకో’ అన్న అర్థం కూడా ఉండటంతో కొత్తవాళ్ల దగ్గర చిక్కొస్తుంది. పెన్ను చేతికిచ్చి ‘కీప్ ఇట్’ అంటే మీరు దాన్ని ఇచ్చేసినట్టే. ఆటో డ్రైవరుతో ‘కీప్ ద చేంజ్’ అన్నట్టు. అన్నింటికంటే తమాషా అయినది ఫోన్ మాట. ‘సరే, పెట్టేస్తున్నా’ను ‘ఓకే, ఐ విల్ కీప్ ద ఫోన్’ అంటారు. అవతల ఉన్నది విదేశీయుడైతే ‘ఎవరి ఫోన్ ఉంచేసుకుంటాడు?’ అని తికమక పడతాడు. ‘ఐ విల్ హ్యాంగ్ అప్ నౌ’ అనాలి. మర్యాదగా ముగించాలంటే ‘ఐ షుడ్ గో నౌ’ ఇంకా బాగుంటుంది. మీటింగ్ కీప్ చెయ్యడం, ఎగ్జామ్ కీప్ చెయ్యడం కూడా ఈ కోవలోవే. రెండింటికీ ‘హోల్డ్’ వాడండి.

ప్రశ్న: లైటు వెయ్యి, ఫ్యాను వెయ్యి, తాళం వెయ్యి, తలుపు వెయ్యి. అన్నింటికీ పుట్ అనొచ్చా? మా దిక్కు ‘దర్వాజ పెట్టు’ అని కూడా అంటరు.
– టైలరు, ఉప్పల్

జవాబు: కరెంటుతో నడిచేవాటికి పనికొస్తుంది, ‘ఆన్’ తోడుంటే. ‘పుట్ ద ఫ్యాన్ ఆన్’, ‘పుట్ ద లైట్ ఆన్’ రెండూ సరైనవే. ‘ఆన్’ వదిలేసి ‘పుట్ ద ఫ్యాన్’ అంటే మళ్లీ అదే ప్రశ్న వస్తుంది, ఫ్యాను ఎక్కడ పెట్టాలని. ఆటోలో ‘పుట్ మీటర్’ కూడా ఇలాంటిదే, ‘టర్న్ ద మీటర్ ఆన్’ అనండి.

ఆర్పడం దగ్గర జాగ్రత్త కావాలి. ‘పుట్ ఆఫ్ ద లైట్’ బ్రిటన్‌లో కొందరు అంటారు, పూర్తిగా తప్పని కొట్టెయ్యలేం. కానీ ‘పుట్ ఆఫ్’ అనగానే ముందు తట్టేది వాయిదా కాబట్టి ‘టర్న్ ఆఫ్’, ‘స్విచ్ ఆఫ్’ మేలు. మంట, కొవ్వొత్తి, సిగరెట్, అగ్నిప్రమాదం వంటివాటికి ‘పుట్ అవుట్’. ఫైరింజన్ చేసేది ‘పుట్టింగ్ అవుట్ ద ఫైర్’. గ్యాస్ స్టవ్ మాత్రం నాబ్ తిప్పేది కాబట్టి ‘టర్న్ ఆఫ్’.

తలుపు, తాళం పుట్‌కు లొంగవు. మీరు దర్వాజ పెట్టినా, పక్కింటివాళ్లు తలుపు వేసినా ఇంగ్లీషులో ‘క్లోజ్’ లేదా ‘షట్’. తాళం వెయ్యడం ‘లాక్’: ‘డిడ్ యు లాక్ ద డోర్?’ ఓటు వెయ్యడం ఉట్టి ‘వోట్’. బ్రేకు వెయ్యడం ‘బ్రేక్’ లేదా ‘అప్లై ద బ్రేక్స్’. మళ్లీ ‘ఆన్’ తగిలిస్తే ‘పుట్ ద బ్రేక్స్ ఆన్’ కూడా నడుస్తుంది.

ప్రశ్న: ‘వేర్’, ‘పుట్ ఆన్’ రెండూ వేసుకోవడమే కదా?
– డిగ్రీ విద్యార్థిని, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: ‘వేసుకుంటున్నాడు’, ‘వేసుకుని ఉన్నాడు’ అని తెలుగులో మీరు విడదీసే తేడాయే అది. పుట్ ఆన్ అర నిమిషం పని. వేర్ ఆ తర్వాతి స్థితి. బండి తీసేముందు హెల్మెట్ ‘పుట్ ఆన్’ చేస్తారు, దిగేదాకా ‘వేర్’ చేస్తారు. ‘షి ఈజ్ పుటింగ్ ఆన్ ఎ సారీ’ అంటే ఇంకా కుచ్చిళ్లు సర్దుకుంటోందని. పెళ్లిలో కనబడిన ఆవిడ గురించి చెప్పాలంటే ‘షి ఈజ్ వేరింగ్ ఎ సారీ’.

విప్పడానికి ‘పుట్ ఆఫ్’ అనకండి. గుళ్లో చెప్పులు విప్పమంటే ‘టేక్ ఆఫ్ యువర్ చప్పల్స్’ అన్నది కొత్తగా వినిపించినా, నియమం అదే: వేసుకుంటే పుట్ ఆన్, విప్పితే టేక్ ఆఫ్. పూలు పెట్టుకోవడానికి చోటు కావాలి, ‘పుట్ ఫ్లవర్స్ ఇన్ యువర్ హెయిర్’. ఒళ్లు చెయ్యడం ‘పుట్ ఆన్ వెయిట్’. ‘ఆన్’ మింగేసి ‘షి హాజ్ పుట్ వెయిట్’ అనడం మన దగ్గర చాలా ఎక్కువ. తగ్గితే ‘లూజ్ వెయిట్’.

ప్రశ్న: బి-యు-టి బట్, సి-యు-టి కట్ అయినప్పుడు పి-యు-టి పట్ ఎందుకు కాదని మా మనవడు అడుగుతున్నాడు. ఏం చెప్పమంటారు?
– రిటైర్డ్ ఉపాధ్యాయుడు, నారాయణగూడ

జవాబు: తరతరాలుగా పిల్లలు అడుగుతున్న ప్రశ్న. దీనికి జవాబుంది, మాస్టారూ. ఒకప్పుడు ఇంగ్లీషులో ఈ మూడింటికీ ఒకే అచ్చు, మన ‘పులి’లోని ఉకారం లాంటిది. సుమారు 17వ శతాబ్దంలో దక్షిణ ఇంగ్లండులో ఆ ఉకారం చాలా మాటల్లో నోరు తెరుచుకుని ‘అ’కు దగ్గరైంది. అలా బట్, కట్, సన్, లవ్ వచ్చాయి. కొన్ని మాటలు మాత్రం మారలేదు. పి, బి, ఎఫ్ లాంటి పెదవులతో పలికే హల్లుల తర్వాత పాత ఉకారం తరచూ నిలిచిపోయింది. పుట్, పుష్, పుల్, బుల్, బుష్, ఫుల్, పుడింగ్ అలా మిగిలినవే. నియమం నూటికి నూరు కాదు. పన్, పబ్, ఫన్, మీ మనవడి బట్ కూడా మారిపోయాయి. ఉత్తర ఇంగ్లండులో ఈ మార్పు జరగనే లేదు, అక్కడ చాలామంది నోట కట్‌కు, పుట్‌కు ఇవాళ్టికీ ప్రాస కుదురుతుంది.

రంగులవాళ్లు గోడకు పూసే ‘పుట్టీ’ని ఇంగ్లీషువాళ్లు పట్టీ అన్నట్టు పలుకుతారని కూడా మనవడికి చెప్పండి. గోల్ఫ్‌లో బంతిని గుంతలోకి మెల్లగా కొట్టే ‘పట్’ పుట్‌కు తోబుట్టువే. స్పెల్లింగులో ఇంకో ‘టి’ వేసుకుని ఉచ్చారణ మార్చుకుంది.

ప్రశ్న: పుట్‌కు భూతకాలం ‘పుటెడ్’ అవుతుందా?
– టెన్త్ విద్యార్థి, కూకట్‌పల్లి

జవాబు: కాదు. పుట్, పుట్, పుట్. కట్, షట్, హిట్, లెట్, సెట్, కాస్ట్, హర్ట్ అన్నీ ఈ గుంపే. ‘హి’, ‘షి’ వచ్చినచోట గుర్తుపట్టడం తేలిక: ‘హి పుట్స్’ అంటే ఇప్పటి అలవాటు, ‘స్’ లేకుండా ‘హి పుట్’ అంటే అయిపోయిన పని. ‘ఐ పుట్’ దగ్గర ‘ఎస్టర్‌డే’, ‘ఎవ్రీ డే’ లాంటి మాటల్ని చూసి తెలుసుకోవాల్సిందే. ‘పుటింగ్’ రాసేటప్పుడు ‘టి’ రెండుసార్లు రాయాలి. పరీక్షలో మార్కు పోయేది అక్కడే.

ప్రశ్న: ‘పుట్ ఇట్ ఆన్’ సరే, ‘పుట్ ఆన్ ఇట్’ తప్పట. ‘పుట్ అప్ విత్ ఇట్’ మాత్రం ఒప్పట. ఇదెక్కడి న్యాయమండీ?
– స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులో చేరిన వ్యక్తి, అమీర్‌పేట

జవాబు: ఆన్, ఆఫ్, అవుట్, అవే, డౌన్ లాంటి ఒక్క మాట అతికినప్పుడు వస్తువును మధ్యలోనైనా పెట్టొచ్చు, చివరనైనా పెట్టొచ్చు: ‘పుట్ యువర్ షర్ట్ ఆన్’, ‘పుట్ ఆన్ యువర్ షర్ట్’. వస్తువు పేరు బదులు ఇట్, దెమ్, హిమ్ లాంటి సర్వనామం వస్తే మధ్యలోనే ఉండాలి. అందుకే ‘పుట్ ఇట్ ఆన్’. ‘పుట్ ఆన్ ఇట్’ అంటే ‘దాని మీద పెట్టు’ అన్న మాట సగంలో ఆగినట్టుంటుంది. ‘పుట్ అప్ విత్’ అంటే భరించడం, దానికి తోకలు రెండు. రెండు తోకలున్నప్పుడు ముక్కలుగా విడదియ్యరు, వస్తువు చివరికే పోతుంది: ‘ఐ కాంట్ పుట్ అప్ విత్ దిస్ ట్రాఫిక్’.

వీటన్నిటిలో ఆన్, ఆఫ్, అప్, డౌన్ మొదట్లో చోటు చెప్పినవే. కొన్నిచోట్ల ఆ చోటు ఇంకా కళ్లకు కడుతుంది, పుట్ డౌన్ అంటే కింద పెట్టడం. పుట్ అప్ విత్ లాంటి చోట ఆ జాడ అరిగిపోయింది. అరిగిపోయినవాటిని ఒక్కో మాటగా నేర్చుకోవడం తప్ప దారి లేదు.

ప్రశ్న: కొత్తగా ఎవరు పరిచయమైనా ‘వేర్ ఆర్ యు పుట్ అప్?’ అని అడుగుతారు. నేను మొదట ఏదో గొడవ పెట్టుకుంటున్నారేమో అనుకున్నాను.
– హాస్టల్లో ఉంటున్న ఉద్యోగిని, ఎస్.ఆర్. నగర్

జవాబు: ఎక్కడ ఉంటున్నారని అడుగుతున్నారు. ‘పుట్ సమ్‌వన్ అప్’ అంటే ఒకరికి రాత్రికి బస ఇవ్వడం: ‘వి కెన్ పుట్ యు అప్ ఫర్ టూ నైట్స్’. మన దగ్గర అందులోంచి ‘ఆర్ యు పుట్ అప్’ పుట్టి, సొంతింట్లో ఇరవై ఏళ్లుగా ఉంటున్నవాళ్లనూ అడిగే స్థాయికి చేరింది. విదేశీయులతో తాత్కాలిక బస అయితే ‘వేర్ ఆర్ యు స్టేయింగ్?’, స్థిరనివాసం అయితే ‘వేర్ డు యు లివ్?’ అనండి.

ప్రశ్న: కాల్ వేరే విభాగానికి కలిపేటప్పుడు ‘ఐ విల్ పుట్ యు టు అకౌంట్స్’ అన్నాను. టీమ్ లీడర్ దిద్దారు.
– కాల్ సెంటర్ ఉద్యోగి, గచ్చిబౌలి

జవాబు: ‘త్రూ’ జారిపోయింది. ‘ఐ విల్ పుట్ యు త్రూ టు అకౌంట్స్’ అనాలి. ఆగమనడానికి ‘పుట్ యు ఆన్ హోల్డ్’, అందరికీ వినబడేలా చేస్తే ‘పుట్ యు ఆన్ స్పీకర్’. కొన్ని చోట్ల పుట్ బదులు ‘ప్లేస్ యు ఆన్ హోల్డ్’ అనమని నేర్పుతారు. కాస్త మెత్తగా వినిపిస్తుందంతే, వ్యాకరణంలో తేడా లేదు.

ప్రశ్న: పదకొండు గంటల మీటింగ్ పన్నెండుకు మారితే ‘పుట్ ఫార్వర్డ్’ అనాలా, ‘పుట్ బ్యాక్’ అనాలా? ముందుకు జరిగిందా, వెనక్కి జరిగిందా అన్నదే తేలట్లేదు.
– పర్సనల్ సెక్రటరీ, సోమాజిగూడ

జవాబు: ఆలస్యమైతే ‘పుట్ బ్యాక్’: ‘ద మీటింగ్ హాజ్ బీన్ పుట్ బ్యాక్ టు ట్వెల్వ్’. ముందే పెడితే ‘బ్రింగ్ ఫార్వర్డ్’. గడియారం దగ్గరికొస్తే మళ్లీ తలకిందులవుతుంది. బ్రిటన్‌లో అక్టోబరు చివరి ఆదివారం గడియారాలు ‘పుట్ బ్యాక్’ చేస్తారంటే గంట వెనక్కి తిప్పుతారని అర్థం, మార్చి చివరి ఆదివారం ‘పుట్ ఫార్వర్డ్’. మీటింగ్ పుట్ బ్యాక్ అయితే టైము పెరిగింది, గడియారం పుట్ బ్యాక్ అయితే టైము తగ్గింది! అందుకే ఈ మాటలు వాడినా పక్కన గంట కూడా రాసెయ్యడం క్షేమం.

ఎప్పటికో తెలియని వాయిదా ‘పుట్ ఆఫ్’. దాని తర్వాత క్రియ వస్తే ‘ఇంగ్’ రూపంలోనే రావాలి: ‘హి కీప్స్ పుటింగ్ ఆఫ్ గోయింగ్ టు ద డెంటిస్ట్’. ‘ప్రీపోన్’ మన దేశంలో బాగా నడుస్తున్న మాట. బయటివాళ్లకు అర్థం కాకపోవచ్చు కాబట్టి వాళ్లకు రాసేటప్పుడు బ్రింగ్ ఫార్వర్డ్ వాడండి.

ప్రశ్న: పక్కింటావిడ వాళ్ల కుక్కను నిద్రపుచ్చానని ‘ఐ పుట్ మై డాగ్ టు స్లీప్’ అని పోస్టు పెట్టింది. కింద అందరూ సంతాపం తెలుపుతున్నారు. ఎందుకు?
– పాఠకురాలు, సైనిక్‌పురి

జవాబు: జంతువుల విషయంలో ఆ మాటకు బాధ లేకుండా ప్రాణం తీయించడం అని అర్థం స్థిరపడింది. ‘పుట్ డౌన్’ అన్నా అంతే. పసిపాపకు మాత్రం ‘పుట్ ద బేబీ టు స్లీప్’ అన్నది హాయైన మాట, ‘పుట్ ద బేబీ డౌన్’ అంటే పక్కమీద పడుకోబెట్టడం. మనుషులు పెద్దయ్యాక ‘హి పుట్ మి డౌన్’ అంటే నలుగురిలో చులకన చేశాడని. పక్కింటావిడతో ‘మై డాగ్ ఫెల్ ఎస్లీప్’ అని దిద్దమనండి, ఈలోగా ఇంకెవరూ దండలు పంపకముందే.

ప్రశ్న: కోర్టు సీన్లలో ‘ఐ పుట్ ఇట్ టు యు’ అని అంటుంటారు. ఏం పెడుతున్నారు?
– పాఠకుడు, మెహిదీపట్నం

జవాబు: మాటను ఎదుట పెడుతున్నారు. బ్రిటిష్ సంప్రదాయంలో క్రాస్ ఎగ్జామినేషన్ చేసే న్యాయవాది, ‘జరిగింది ఇదీ, కాదంటావా?’ అని సాక్షి ముందు తమ వాదన ఉంచే పద్ధతి అది. ‘చెప్పు’ అనే అర్థంలో పుట్ రోజువారీ మాటల్లోనూ వస్తుంది. ‘టు పుట్ ఇట్ సింప్లీ’ అంటే సూటిగా చెప్పాలంటే. ‘హౌ షల్ ఐ పుట్ ఇట్?’ అంటే ఎలా చెప్పాలబ్బా అని. ఇక్కడ చోటు బదులు ‘ఎలా’ వస్తుంది.

ప్రశ్న: ఇంగ్లీషు నిఘంటువులో అన్నిటికంటే ఎక్కువ అర్థాలున్న మాట పుట్ అని విన్నాను. నిజమేనా?
– లైబ్రరీ ఉద్యోగి, అఫ్జల్‌గంజ్

జవాబు: పొడవులో కొంతకాలం నిజం. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు 1989 కూర్పులో అన్నిటికంటే పొడవైన పద్దు ‘సెట్’ది. తర్వాత పద్దులను ఒక్కొక్కటే తిరగరాయడం మొదలయ్యాక 2000లో ‘మేక్’ దాన్ని దాటింది, 2007లో ‘పుట్’ మేక్‌ను దాటింది. 2011లో ‘రన్’ 645 అర్థాలతో పుట్‌ను కిందికి నెట్టింది.

ప్రశ్న: షాట్‌పుట్‌లో గుండును విసురుతారు గదా, దానికి పుట్ అని ఎందుకు పేరు?
– పి.ఈ.టి., సికింద్రాబాద్

జవాబు: పుట్‌కు పాత అర్థం నెట్టడం, తొయ్యడం. మీ ఆటలో ఆ అర్థం ఇంకా బతికే ఉంది. గుండును మెడ దగ్గర ఆనించి భుజబలంతో ముందుకు నెట్టాలి గానీ బంతిలా చెయ్యి వెనక్కి లాగి విసిరితే ఫౌల్ ఇస్తారు. అందుకే ‘త్రో’ కాలేదు. ‘హి పుట్ ద షాట్’ అన్నప్పుడు ఎక్కడ అని చెప్పకపోయినా వాక్యం తప్పు కాదు. అదెక్కడ పడిందో టేపుతో కొలిచి చెబుతారు. మగవాళ్ల గుండు 7.26 కిలోలు, ఆడవాళ్లది 4 కిలోలు.